ఆ రోబో ఎవరు చేసిండ్రు బిడ్డా?

గురువారం సాయంత్రం ఆరు గంటలైంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఫోన్ టింగుమంది. చూస్తే మా చిన్నదాని క్లాసు గ్రూపులో మెసేజ్. శనివారం బడిలో టెక్నాలజీ డే అట. రెండో తరగతి పిల్లలందరూ పనిచేసే మోడల్ ఒకటి, దాని గురించి ఐదు స్లైడ్ల పీపీటీ ఒకటి తేవాలట. మంచి ప్రాజెక్టుకు బహుమతి ఉంటుందట. కింద రెండు రోబో బొమ్మలు, ఒక రాకెట్ బొమ్మ.

మా చిన్నదానికి ఏడేళ్లు. బూట్ల లేసు కట్టుకోవడం ఇంకా రాదు. "పీపీటీ అంటే ఏందమ్మా?" అని అడిగింది. నాకూ సరిగ్గా చెప్పరాలేదు. "కంప్యూటర్‌లో బొమ్మల పుస్తకం లాంటిది" అన్నాను. "అయితే నేను గీస్తా" అని క్రేయాన్లు తెచ్చుకుంది. "గీసేది కాదు తల్లీ, టైప్ చేసేది" అని ఆ క్రేయాన్లు పక్కన పెట్టించాను. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు అక్కడే మొదలైందనిపిస్తుంది.

అప్పటికే గ్రూపులో ఒక తల్లి "మాది రోబో" అని పెట్టేసింది. ఇంకో తల్లి "మాది స్మార్ట్ హౌస్, లైట్లు వెలుగుతాయి" అంది. నాకు గుండె దడ మొదలైంది. నవ్వొద్దు, నిజంగానే దడ. పది మంది తల్లుల ముందు మన పిల్ల ఉత్త చేతులతో నిలబడుతుందేమో అన్న భయం చదువుకున్న ఆడదాన్ని కూడా పిచ్చిదాన్ని చేస్తుంది.

శుక్రవారం పొద్దున పిల్లల్ని బడికి పంపి ప్రకాశం బజారుకు వెళ్లాను. స్టేషనరీ దుకాణంలో నేను నోరు తెరవకముందే ఆయన అడిగిండు, "ప్రాజెక్టా మేడమ్? ఎన్నో తరగతి?" అని. రెండో తరగతి అన్నాను. "రోబో మూడొందల యాభై, ట్రాఫిక్ సిగ్నల్ రెండొందల యాభై, విండ్‌మిల్ రెండొందలు. అన్నీ రెడీమేడే, బ్యాటరీ వేస్తే చాలు" అన్నాడు. రెడీమేడ్ కొనడానికి మనసొప్పక థర్మాకోల్ షీట్లు, మెరుపు కాగితం, చిన్న మోటారు, బ్యాటరీలు, ఫెవికాల్ కొన్నాను. బిల్లు నాలుగొందలు దాటింది. అక్కడి నుంచి జిరాక్స్ సెంటర్‌కు వెళ్తే నాలాంటి తల్లులు అప్పటికే ముగ్గురు కూర్చున్నారు. పీపీటీ చేసిచ్చే అబ్బాయి ఒకే ఫైలులో పిల్లల పేర్లు మార్చి మార్చి అందరికీ ఇస్తున్నాడు. నేనూ తీసుకున్నాను.

ఆ రాత్రి పదకొండున్నర దాకా నేను, మా ఆయన కూర్చొని రోబో చేశాం. మెడలో వైరు, కళ్లలో ఎర్రలైట్లు. చిన్నది తొమ్మిదింటికే నిద్రపోయింది. అంతకుముందు రెండు మూడు సార్లు వచ్చి "నేను అంటిస్తానమ్మా" అంది. "నువ్వు అంటిస్తే వంకర పోతది, పోయి పడుకో" అన్నాను. అవును, నేనే అన్నాను.

శనివారం బడిలో బాగానే జరిగింది. మాస్టారు రాసిచ్చిన నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు చిన్నది చిలకలా అప్పజెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో ఎవరి పిల్లాడి తాతయ్యో, తువ్వాల భుజాన వేసుకున్న పెద్దమనిషి, వంగి దాన్ని తెలుగులో అడిగాడు. "మంచిగున్నది బిడ్డా. మరి దీని కండ్లు ఎట్ల వెలుగుతున్నయ్?" అని.

అది నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

బహుమతుల్లో మాకు మూడోది వచ్చింది. ఇంటికి రాగానే దాన్ని పట్టుకొని మా అత్తమ్మ దగ్గరికి ఉరికింది. "నానమ్మా, గది నేను చేయలే. అమ్మా నాన్న చేసిండ్రు. ఎవ్వరికీ చెప్పొద్దన్నది అమ్మ."

మా అత్తమ్మ చదువుకోలేదు. కానీ ఆమె మాట ఎప్పుడూ సూటిగానే ఉంటుంది. "మరి బహుమతి నీకెందుకు ఇచ్చిండ్రే? అమ్మకియ్యి" అంది.

ఆ మాట నాకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు. నేను నా బిడ్డకు టెక్నాలజీ నేర్పలేదు. తను చేయని పనికి చప్పట్లు తీసుకోవడం నేర్పాను. దానిమీద ఒక అబద్ధం కూడా నేర్పాను. అదీ సొంత ఖర్చుతో!

అందుకే ఈ మాట రాయాలనిపించింది. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు ఇచ్చే ఈ టెక్నాలజీ ప్రాజెక్టుల గురించి మనం తల్లులం మనసు విప్పి మాట్లాడుకోవాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్నపిల్లలకు టెక్నాలజీ వద్దని నేను అనను. పిల్ల చేతితో కానిది, పిల్ల తన మాటల్లో చెప్పలేనిది మాత్రం ఆ పిల్ల ప్రాజెక్టు కాదు. అట్లాంటి దాన్ని ఇవ్వడం బడి తప్పు, చేసిపెట్టడం మన తప్పు.

ముందు బడి సంగతి. అసలు రెండో తరగతి దాకా పిల్లలకు హోంవర్కే ఇవ్వకూడదని సర్కారే చెప్పింది. మన తెలంగాణలో 2017లో బడిసంచి బరువు మీద ఆదేశాలు ఇచ్చినప్పుడే ప్రాథమిక తరగతులకు హోంవర్క్ వద్దన్నారు. ఒకటి, రెండు తరగతుల పిల్లల సంచి కిలోన్నర దాటొద్దన్నారు. 2018 నవంబరులో కేంద్రం కూడా ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఇవ్వొద్దని రాష్ట్రాలకు రాసింది. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీలోనూ ఇదే మాట ఉంది. అంటే ఏడేళ్ల పిల్ల ఇంటికొచ్చాక ఆడుకోవాలి, ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి, తినాలి, పడుకోవాలి అన్నది ఆ మాటల అర్థం. మరి రెండు రోజుల్లో పనిచేసే రోబో తెమ్మంటే అది హోంవర్క్ కాక ఏమవుతుంది? పేరు ప్రాజెక్టని పెట్టగానే హోంవర్క్ మాయమైపోతుందా? సంచి కిలోన్నర దాటొద్దు కానీ థర్మాకోల్ రోబోను ఆటోలో ఒళ్లో పెట్టుకొని రావచ్చన్నమాట.

ఇంకో సంగతి ఉంది. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. మా చిన్నదాని క్లాసులోనే ఒక పాప ఉంది. వాళ్లమ్మ పొద్దున నాలుగింటికి లేచి ఇడ్లీ బండి పెడుతుంది. ఆమెకు పీపీటీ తెలియదు, గ్రూపులో మెసేజ్‌లు చదివేందుకు తీరిక ఉండదు. ఆ శనివారం ఆ పాప ఒక ట్రాఫిక్ సిగ్నల్ తెచ్చింది. అది దుకాణంలోని రెండొందల యాభై రూపాయల రెడీమేడ్ అని చూడగానే తెలిసింది. ఆ తల్లి ఎన్ని ప్లేట్ల ఇడ్లీ అమ్మితే ఆ డబ్బు మిగులుతుందో లెక్క వేసుకోండి. ఆ పాపకు బహుమతి రాలేదు. వాళ్లమ్మకు మాలాగా రాత్రి పదకొండున్నర దాకా కూర్చునే వీలు లేకపోవడమే దానికి కారణం. అంటే ఆ రోజు బడిలో మార్కులు పడింది పిల్లలకు కాదు. ఎవరి ఇంట్లో తీరిక ఉంది, ఎవరి ఇంట్లో డబ్బుంది, ఎవరి తల్లి డిగ్రీ చదివింది అన్నదానికే.

టీచర్లను మాత్రం నేను ఊరికే తిట్టను. మా చిన్నదాని టీచరమ్మను మెల్లగా అడిగితే ఆమె చెప్పింది. "మేడమ్, మాకు మాత్రం ఇష్టమా? ఫొటోలు బాగా రావాలంటరు. ఆ ఫొటోలు చూసే కదా మీరంతా అడ్మిషన్‌కు వచ్చేది" అంది. నా దగ్గర జవాబు లేదు. మనం బడి ఎంచుకునేటప్పుడు పిల్ల ఏం చదువుతుందని అడగలేదు. ల్యాబ్ ఉందా, స్మార్ట్ బోర్డు ఉందా అని అడిగాం. మనం అడిగిందే వాళ్లు చూపిస్తున్నారు.

నేను టెక్నాలజీకి వ్యతిరేకిననుకునేరు. కాదు. కరోనా రోజులు మనలో ఎవరం మరిచిపోతాం? 2020 సెప్టెంబరు 1 నుంచి మన దగ్గర దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి. మా పెద్దోడు టీవీ ముందు నోటుబుక్కు పట్టుకొని కూర్చునేవాడు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలు కూడా టీవీ ఉంటే పాఠం విన్నారు. ఆ పాఠాలు మొదలైంది మూడో తరగతి నుంచే, ఒకటి రెండు తరగతుల వాళ్లను అందులో కలపలేదు. అంతకు ముందు జులైలో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞతా మార్గదర్శకాల్లో కూడా ఒకటి నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు రోజుకు రెండే, ఒక్కొక్కటి అరగంట నుంచి ముప్పావుగంటే అని హద్దు పెట్టారు. తెర అవసరమే, కానీ వయసును బట్టి హద్దు ఉండాలన్న ఇంగితం ఆ కష్టకాలంలో కూడా ఉంది. మామూలు రోజుల్లో ఎటు పోయిందో మరి.

బయటి దేశాలు కూడా ఈ సంగతి మీద మళ్లీ ఆలోచిస్తున్నాయి. ఎంతో ముందున్న స్వీడన్‌లో చిన్నపిల్లల బడుల్లో డిజిటల్ పరికరాలు తప్పనిసరి అన్న పద్ధతి వద్దని 2023లో అక్కడి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పుస్తకాలు, చేతిరాత మళ్లీ కావాలంది. వాళ్లు చేశారు కాబట్టి మనమూ చేయాలని కాదు. అన్నీ ఉన్నవాళ్లే ఆగి ఆలోచిస్తున్నప్పుడు, మనం రెండో తరగతి పిల్ల పీపీటీ కోసం అర్ధరాత్రి దాకా కూర్చోవడం ఎందుకని.

మన సర్కారు బళ్ల వైపు చూస్తే నాకు ఇంకో రకం ఆలోచన కనబడింది. 2022 మార్చి 8న మన పాలమూరు వైపు వనపర్తిలోనే 'మన ఊరు - మన బడి' మొదలుపెట్టారు. అందులో 12 రకాల పనులు పెట్టుకున్నారు. డిజిటల్ విద్య కూడా వాటిలో ఒకటి. నీళ్లొచ్చే మరుగుదొడ్లు, కరెంటు, తాగే నీళ్లు, బల్లలు, నల్లబల్లకు బదులు ఆకుపచ్చ బోర్డు, వంటగది కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. ఎక్కడ ఎంత పూర్తయింది, ఎక్కడ ఆగింది అన్నది వేరే కథ. ఆ జాబితా మాత్రం నాకు నచ్చింది. ఆడపిల్లకు బడిలో ముందు నీళ్లొచ్చే బాత్రూం కావాలి, తర్వాతే తెర. అదే ఏడాది ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కూడా ప్రాథమిక తరగతుల పిల్లలు చదవడం, రాయడం, లెక్కలు చేయడం వచ్చేదాకా వదలొద్దన్న కార్యక్రమమే. 2025లో 6 జిల్లాల్లోని 36 ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధతో, అదే ఏఐతో, చదవడం, లెక్కలు నేర్పే ప్రయోగం మొదలుపెట్టినప్పుడు కూడా 3, 4, 5 తరగతుల పిల్లలకే పెట్టారు. చదువులో వెనకబడ్డ పిల్లలకు సాయంగా పెట్టారు. అక్కడ యంత్రం పిల్లకు పనిచేస్తుంది. మా ఇంట్లో ఆ శుక్రవారం రాత్రి తల్లీతండ్రీ యంత్రానికి పనిచేశాం.

మరి చిన్నపిల్లలకు నిజమైన టెక్నాలజీ ప్రాజెక్టు ఎట్లుండాలి? ఈ ప్రశ్నకు జవాబు నాకు మా వదిన దగ్గర దొరికింది.

మా ఆయన అక్క మహబూబ్‌నగర్ దగ్గర ఒక సర్కారు ప్రాథమిక బడిలో టీచరు. పండుగకు వచ్చినప్పుడు నా రోబో కథ చెప్పుకొని ఏడ్చినంత పని చేశాను. ఆమె నవ్వి, "నా పిల్లల ప్రాజెక్టు చెప్తా విను" అంది.

పిల్లలమర్రి మీకు తెలుసు కదా. పాలమూరు పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మూడెకరాలకు పైగా విస్తరించిన ముసలి మర్రి. ఏడు వందల ఏళ్లదంటారు. దానికి చెదలు పట్టి కొమ్మలు కూలిపోతుంటే, 2018లో అటవీశాఖ వాళ్లు సెలైన్ బాటిళ్లు వేలాడదీసి, చెదల మందును చుక్క చుక్కగా చెట్టులోకి ఎక్కించారు. మనిషికి గ్లూకోజు ఎక్కించినట్టే. మా వదిన రెండో తరగతి పిల్లల్ని ఆ చెట్టు చూపించడానికి తీసుకుపోయి ఈ కథ చెప్పిందట. ఒక పిల్లాడు అడిగిండట, "టీచర్, ఒక్కసారే బకెట్‌తో పోస్తే అయిపాయె గదా, సుక్క సుక్క ఎందుకు?" అని.

"గా ప్రశ్నే మా ప్రాజెక్టు అయింది" అంది మా వదిన.

మరుసటి రోజు పిల్లలందరూ ఇంటి నుంచి ఒక్కొక్క పాత నీళ్ల సీసా తెచ్చారట. మూతకు సూదితో చిల్లులు మాత్రం టీచరే పెట్టిందట. ఒక మొక్కకు చెంబుతో నీళ్లు ఒక్కసారే పోశారట. పక్క మొక్కకు సీసా తలకిందులుగా కట్టి చుక్క చుక్కగా వదిలారట. ఒక్కసారే పోసిన నీళ్లు పక్కకు పారిపోయాయి. చుక్కలుగా పడ్డవి మట్టిలోకి దిగాయి. సీసా మూత గట్టిగా బిగిస్తే చుక్కలు ఆగిపోతున్నాయని, కొంచెం వదులు చేస్తే మళ్లీ వస్తున్నాయని ఒక పిల్ల కనిపెట్టిందట. సీసాలోకి గాలి పోకపోతే నీళ్లు కిందికి రావని మా వదిన అప్పుడు చెప్పిందట. ఆ వారమంతా పొద్దున రాగానే ఎవరి మొక్కను వాళ్లు చూసుకున్నారు. చివరి రోజు తన ఫోన్‌లో ఒక్కొక్కరి చేత అర నిమిషం మాట్లాడించి వీడియో తీసి, తల్లిదండ్రుల సమావేశం రోజు బడిలోని టీవీలో చూపించింది.

ఆ వీడియో నాకు చూపించింది. ముక్కు కారుతున్న ఒక చిన్నోడు ఎంత గట్టిగా చెప్తున్నాడనుకున్నారు! "చెట్టుకు దాహమైతది. గటగట తాగరాదు. అందుకే సుక్క సుక్క పోస్తున్నం. మా పొలంల గూడ డ్రిప్పు ఉన్నది. గది గూడ గిదే!"

బత్తాయి తోటల్లో డ్రిప్పు పైపులు మన నల్లగొండ పిల్లలు చూడంది కాదు. కానీ అది టెక్నాలజీ అని, తాము చేసింది అదేనని ఆ చిన్నోడికి తెలిసింది. ఖర్చు సున్నా. తల్లి నిద్ర చెడలేదు. అబద్ధం లేదు. ఫోన్ ఉంది, టీవీ ఉంది, కానీ పిల్ల చేసినదాన్ని చూపించడానికే ఉన్నాయి.

అప్పుడు నాకు అర్థమైంది. మనం టెక్నాలజీ అంటే మెరిసే లైట్లు, ఇంగ్లిష్ మాటలు, ఎక్కడో అమెరికాలోనో జపాన్‌లోనో పుట్టింది అనుకుంటున్నాం. అది ఇక్కడా పుట్టింది, మన ఇళ్లలోనే పుట్టింది. ఆసు యంత్రం సంగతే చూడండి. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మమ్మ పోచంపల్లి చీరలకు ఆసు పోసేది. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్ల దాకా చేయి అటూ ఇటూ తిప్పాలి. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేల సార్లు. భుజం నొప్పితో ఆ తల్లి పడే బాధ చూడలేక ఆ కొడుకు ఏళ్ల తరబడి పడ్డ కష్టం 1999లో ఆసు యంత్రమైంది. చిన్నప్పుడే బడి మానేసిన మనిషి ఆయన. దానికి అమ్మ పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఎక్కడ మొదలైంది? పీపీటీలో కాదు. అమ్మ భుజం నొప్పిని ఒక కొడుకు కళ్లతో చూడటంలో మొదలైంది.

ఇంకోటి చెప్తాను. మన జిల్లా నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎంతమంది ఎముకలు వంచిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ నీటిని శుభ్రం చేయడానికి 1970లలో నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు ఒక పద్ధతి రూపొందించారు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు లెక్క ప్రకారం కలిపి, తిప్పి, తేరనిచ్చి, వడకట్టడమే. దాన్ని ఇంట్లో బకెట్‌లో కూడా చేయొచ్చు. ప్రపంచమంతా దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అని పిలుస్తుంది. మన ఊరి పేరు మీద ఒక టెక్నాలజీ ఉంది! నేను డిగ్రీ చదివి కూడా పెళ్లయి పిల్లలు పుట్టాక తెలుసుకున్నాను. మన పిల్లలు రోబోలు చేస్తున్నారు కానీ మన ఊరి పేరున్న ఈ పద్ధతి గురించి ఒక్క ముక్క చెప్పలేరు. బ్లీచింగ్ పౌడరు చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు సుమా. కానీ మట్టి నీళ్లను తేరనిచ్చి, పాత చీర ముక్క నాలుగు మడతలు పెట్టి వడకట్టడం ఏ పిల్లయినా చేస్తుంది. మా అత్తమ్మ చిన్నప్పుడు బావినీళ్లు అట్లనే వడకట్టేదట. నానమ్మే ఆ రోజు టీచరు.

కంప్యూటరే కావాలంటే అదీ చేయొచ్చు. స్క్రాచ్ జూనియర్ అని 2014లో అమెరికాలోని టఫ్ట్స్, ఎంఐటీ వాళ్లు కలిసి అయిదు నుంచి ఏడేళ్ల పిల్లల కోసమే చేసిన ఉచిత యాప్ ఉంది. చదవడం రాని పిల్ల కూడా బొమ్మల ముక్కలు పక్కపక్కన పేర్చి, పిల్లిని నడిపించవచ్చు, గెంతించవచ్చు. నేను మా చిన్నదానికి చూపించాను. అరగంట పక్కనే కూర్చున్నాను, చేయి మాత్రం పెట్టలేదు. పిల్లి గోడ దాటి బయటికి పోయింది. "ఎందుకు పోయింది?" అని అదే అడుక్కుంది, అదే సరిచేసింది. తప్పు చేసి, తనే చూసుకొని, తనే దిద్దుకోవడం. రోబో రాత్రి మా చిన్నదానికి అది దక్కనివ్వలేదు నేను. దక్కింది మా ఆయనకు. మోటారు తిరగకపోతే మూడు సార్లు వైరు మార్చాడు పాపం!

ఇంతకూ మనం చేయాల్సిందేమిటి? బడి వాళ్లను మర్యాదగానే అడుగుదాం. చిన్న తరగతుల ప్రాజెక్టు ఏదైనా బడిలోనే, బడి వేళల్లోనే చేయించమందాం. సామాన్లు బడి ఇవ్వొచ్చు, లేదా ప్రతి ఇంట్లో ఉండే సీసా, అట్టపెట్టె, దారం, గింజలు అడగొచ్చు. చెప్పేటప్పుడు పిల్ల ఇంట్లో మాట్లాడే మాటలోనే చెప్పనివ్వమందాం. ఇంగ్లిష్ రావాలి, ఎవరు కాదన్నారు? కానీ అర్థం కాని ఇంగ్లిష్‌లో అప్పజెప్పిన వాక్యం కన్నా అర్థమైన తెలుగులో తడబడిన వాక్యమే చదువు. బహుమతులు ఆ వయసులో అసలే వద్దు. పెట్టాలనుకుంటే "ఇది ఎట్ల చేశావు?" అని అడిగి, చెప్పగలిగిన ప్రతి పిల్లకూ ఒక స్టార్ ఇవ్వమందాం. ఒక్కరం అడిగితే చిన్నచూపు చూస్తారేమో. నలుగురు తల్లులం కలిసి పోతే వింటారు.

ఇక మన సంగతి. గ్రూపులో "మాది రోబో" అని పెట్టేముందు ఒక్క క్షణం ఆగుదాం. ఆ మెసేజ్ ఇంకో తల్లి గుండెలో దడ పుట్టిస్తుంది. ఎవరి గుండెలో దడ పుట్టిందో నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను. పిల్ల వంకరగా అంటిస్తే అంటించనిద్దాం. ఇంట్లో మగవాళ్లకు కూడా ఒక మాట. "ప్రాజెక్టు సంగతి నువ్వే చూసుకో" అని సగం మంది తప్పుకుంటారు. మిగతా సగం మంది మా ఆయనలాగా స్క్రూడ్రైవర్ పట్టుకొని పిల్లను పక్కకు నెట్టి తామే చేసేస్తారు. రెండూ వద్దు. పక్కన కూర్చొని పిల్ల అడిగినప్పుడు మాత్రం వైరు పట్టుకోండి, చాలు.

మొన్న మళ్లీ మెసేజ్ వచ్చింది. ఈసారి 'నీటి పొదుపు' మీద మోడల్ తెమ్మన్నారు. నేను టీచరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "మా పాప తనకు చేతనైంది తనే చేసుకొస్తుంది, చూడటానికి బాగుండకపోవచ్చు, ఏమనుకోవద్దు" అని. ఆమె కొంచెంసేపు ఆగి, "సరే మేడమ్, తేనివ్వండి" అంది.

మా చిన్నది వాళ్ల మేనత్త చెప్పిన సీసానే ఎంచుకుంది. మూతకు చిల్లులు నానమ్మ పెట్టిచ్చింది. సీసాకు చుట్టిన రంగు కాగితం ఒకవైపు ఊడిపోయింది. తులసి కుండీకి దారంతో కట్టబోతే రెండు సార్లు పడిపోయింది. నా చేతులు ఎంత దురద పెట్టాయో నాకే తెలుసు. కొంగు పిడికిట్లో పట్టుకొని కూర్చున్నాను. మూడోసారి నిలబడింది. చుక్క పడగానే అది అరిచిన అరుపుకు మా అత్తమ్మ పూజగదిలో నుంచి ఉరికొచ్చింది.

బడిలో బహుమతి ఏమీ రాలేదు. ఇంటికొచ్చి బ్యాగు పడేస్తూ చెప్పింది. "అమ్మా, ఇయ్యాల ముగ్గురు అడిగిండ్రు ఎట్ల చేసినవని. నేనే చెప్పిన."

పోయినసారి బహుమతి మా అల్మారాలో ఇంకా ఉంది. అది ఎవరిదో మా అత్తమ్మ ఆ రోజే తేల్చేసింది కాబట్టి, నా గాజుల పెట్టె పక్కన పెట్టుకున్నాను. మళ్లీ ఎప్పుడైనా థర్మాకోల్ కొనాలనిపిస్తే చూసుకోవడానికి.

మీ ఇళ్లల్లో కూడా ఇట్లాంటి రోబో రాత్రులు గడిచే ఉంటాయి. మీ పిల్లల చేత ఏం చేయించారో, మీరేం చేసిపెట్టారో దాచకుండా చెప్పండి. నేను చెప్పాను కదా!